"నా కోసం ప్రార్థన చేయండి" అంటే అసలు ఏమి అడుగుతున్నట్టు?

రెండేళ్ల కిందటి మాట. ఆదివారం ఆరాధన ముగిసి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాను. మా సంఘంలోని ఒక చెల్లెమ్మ ఎదురొచ్చి, "అన్నా, మంగళవారం మా ఆయనకు కిడ్నీలో రాళ్ల ఆపరేషన్. కాస్త ప్రార్థనలో పెట్టండి" అంది. "తప్పకుండా చేస్తానమ్మా" అన్నాను. మనసులో కపటమేమీ లేదు. ఇంటికెళ్లి అన్నం తిని పడుకున్నాను. సోమవారం ఆఫీసు, మంగళవారం ఆఫీసు. ఆ ఆపరేషన్ సంగతి నాకు మళ్లీ గుర్తొచ్చింది పదిహేను రోజుల తర్వాత. వాళ్లాయన వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "మీ అందరి ప్రార్థనల వల్లే అన్నా, బయటపడ్డాను" అన్నప్పుడు.

ఏమనాలి? "దేవునికే స్తోత్రం" అన్నాను. మాట నిజమే. మొహమే అబద్ధం.

ఇంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. మా శుక్రవారం కూడికలో ప్రార్థన మనవుల పుస్తకం రాసేది నేనే. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్. ఎడమవైపు తేదీ, పేరు, అవసరం. కుడివైపు "జవాబు" అని ఒక గడి. షుగర్, మోకాళ్ల నొప్పులు, పెళ్లి సంబంధం, ఇంజినీరింగ్ సీటు, వీసా స్టాంపింగ్, పొలం గట్టు తగాదా, చిట్టీ అప్పు, "మా వాడు తాగుడు మానాలి", "కోడలు తిరిగి కాపురానికి రావాలి" - ఊరి కష్టాలన్నీ అందులోనే ఉంటాయి. కుడివైపు గడుల్లో సగానికి పైగా ఖాళీ.

నేను మర్చిపోయినా ఆయన ఆపరేషన్ బాగానే జరిగింది. అలాంటప్పుడు నేను గుర్తుపెట్టుకుని ఉంటే తేడా ఏముండేది? ఒకవేళ నేను రాత్రంతా మోకాళ్ల మీదే ఉండి, ఆయనకేదైనా అయి ఉంటే? ఈ రెండు ప్రశ్నల మధ్య ఇరుక్కుని నేను చదివినవీ, పెద్దల దగ్గర విన్నవీ, నా బుర్రకు తట్టినవీ ఇక్కడ రాస్తున్నాను. నేను పాస్టర్ని కాను. నోట్‌బుక్ రాసేవాడిని, అంతే.

అర్జీ పట్టుకెళ్లినవాడు

ఇలా ఇంకొకరి కోసం చేసే ప్రార్థనకు మన తెలుగు బైబిల్లో వాడిన మాట విజ్ఞాపన. రోజువారీ మాటల్లో దానికి దగ్గరగా ఉన్నది అర్జీ. 1 తిమోతి 2:1లో పౌలు ప్రార్థనకు ఒకేచోట నాలుగు పేర్లు పెడతాడు: విజ్ఞాపనలు, ప్రార్థనలు, యాచనలు, కృతజ్ఞతాస్తుతులు. మూడోదైన యాచన దగ్గర గ్రీకు మూలంలో ఉన్న మాట "ఎంటెయుక్సిస్". పాత ఈజిప్టును గ్రీకు రాజులు ఏలిన కాలంలో సామాన్యులు రాజు పేరిట పెట్టుకున్న అర్జీలు పాపిరస్ కాగితాల మీద ఇప్పటికీ దొరుకుతున్నాయి. వాటినీ ఇదే పేరుతో పిలిచేవారు.

సోమవారం కలెక్టరాఫీసు ముందు చూడండి. తెల్ల కాగితం పట్టుకుని నిలబడ్డ ముసలాయన పక్కన ఎవరో ఒక పిల్లవాడు ఉంటాడు. అర్జీ రాసింది వాడే. పింఛను వాడిది కాదు, పొలమూ వాడిది కాదు. అయినా ఎండలో వరుసలో నిలబడతాడు, పెద్దాయన మాట తడబడితే అందుకుంటాడు. విజ్ఞాపన అంటే నాకు ఆ పిల్లవాడే గుర్తొస్తాడు. తన అవసరం కానిదాన్ని తన అవసరంలా ఎత్తుకుని వరుసలో నిలబడటం.

ఇక్కడే ఒక పొరపాటు దొర్లుతుంది. అర్జీ అనగానే "మరి పలుకుబడి ఎవరికి ఎక్కువ?" అనే ఆలోచన వచ్చేస్తుంది. మన ఆఫీసులు మనకు నేర్పింది అదే కదా. అందుకే "ఫలానా అయ్యగారు చేయి పెట్టి ప్రార్థిస్తే వెంటనే అయిపోతుందట" అని వంద కిలోమీటర్లు బస్సెక్కుతాం. యాకోబు పత్రిక ఈ ఆలోచనను మొదట్లోనే తుంచేసింది. రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని 5:14లో చెప్పిన మాట నిజమే. కానీ రెండు వచనాలు దాటగానే "ఒకనికొరకు ఒకడు ప్రార్థనచేయుడి" అని పని అందరికీ పంచేశాడు. ఆ వెంటనే ఏలీయా ప్రవక్తను ఉదాహరణగా తెచ్చి, ఆయన గొప్పవాడని చెబుతాడేమో అనుకుంటే, "ఏలీయా మనవంటి స్వభావముగల మనుష్యుడే" అంటాడు. ప్రార్థనతో వానను ఆపినవాడు కూడా మనలాంటివాడేనట. కథోలిక సోదరులు పునీతులను కూడా తమ కోసం ప్రార్థించమని వేడుకుంటారు, ప్రొటెస్టెంట్లు ఆ పని చేయరు. ఆ వాదం పెద్దది, ఇక్కడ దానిలోకి దిగను. మధ్యవర్తి క్రీస్తు ఒక్కడేనన్న 1 తిమోతి 2:5 మాటను ఇద్దరూ ఒప్పుకుంటారు.

తెలిసినవాడికి చెప్పడమెందుకు?

కూడికల్లో పిల్లలు అడిగే ప్రశ్న ఇది. పెద్దలకూ లోపల ఉంటుంది, బయటికి అడగరు. "మీరు మీ తండ్రిని అడుగక మునుపే మీకు అక్కరగా నున్నవేవో ఆయనకు తెలియును" అని మత్తయి 6:8లో యేసే అన్నాడు. మరి ఆయనకు తెలిసిన కిడ్నీ రాళ్ల సంగతి నేను మళ్లీ చెప్పడమెందుకు?

13వ శతాబ్దంలో కథోలిక వేదాంతి థామస్ అక్వినాస్ ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ బలంగానే కనిపిస్తుంది. దేవుడి నిర్ణయాన్ని మార్చడానికి మనం ప్రార్థించడం లేదు, ప్రార్థన ద్వారా జరగాలని ఆయన ముందే ఏర్పాటు చేసినవి జరగడానికి ప్రార్థిస్తున్నాం అంటాడు. రైతు సంగతి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పంట ఇచ్చేవాడు దేవుడే అని నమ్మే రైతు కూడా విత్తనం చల్లకుండా ఊరుకోడు. చల్లడం కూడా ఆ ఇవ్వడంలో ఒక భాగమే.

సరే. కానీ ఆ పని రోగి ఒక్కడే చేసుకోవచ్చుగా? పదిమంది ఎందుకు? ఎక్కువమంది అడిగితే ఒత్తిడి ఎక్కువవుతుందనా? ధర్నాలో జనాన్ని లెక్కపెట్టినట్టు దేవుడు తలలు లెక్కపెడతాడని మనం నోటితో అనం గానీ, "ఈ మెసేజ్ పదిమందికి పంపండి" అన్నప్పుడు మన మనసులో ఉన్నది అదే. పౌలు వేరే కారణం చెబుతాడు. ఆసియాలో చావు అంచుదాకా వెళ్లి బయటపడ్డాక కొరింథు సంఘానికి రాస్తూ, మీరూ ప్రార్థనతో సహాయం చేయండి, అప్పుడు మాకు దక్కిన మేలుకు అనేకులు కృతజ్ఞతలు చెల్లిస్తారు అంటాడు (2 కొరింథీ 1:11). పదిమంది అడిగితే, మేలు జరిగినరోజు పదిమంది సంతోషిస్తారు. ఒకడి ఇంట్లో జరిగిన మంచి పది ఇళ్లలో పండగ అవుతుంది. ఎంతమంది అన్న లెక్క అక్కడ పనికొస్తుంది.

ఇది అర్థమయ్యాకే నేనెందుకంత సిగ్గుపడ్డానో తెలిసింది. నా ప్రార్థన లేకపోతే ఆపరేషన్ ఆగిపోయేదని కాదు. ఆయన నా చేతులు పట్టుకున్నప్పుడు, ఆ సంతోషంలో నాకు వాటా లేదు. అడిగినవాళ్లలో నేను లేను మరి.

ఒకే అధ్యాయంలో ఇద్దరు

ఇక కష్టమైన ముడి. కొన్నిటికి జవాబు వస్తుంది, కొన్నిటికి రాదు. ఎందుకు?

ఈ ప్రశ్న వచ్చినప్పుడు నేను అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తెరుస్తాను. దాని మీద ప్రసంగాలు చాలా విన్నాను. దాదాపు అన్నీ పేతురు దగ్గరే మొదలవుతాయి. అధ్యాయం మాత్రం పేతురుతో మొదలవదు. హేరోదు రాజు యోహాను సహోదరుడైన యాకోబును (పత్రిక రాసిన యాకోబు వేరు) కత్తితో చంపించాడు - రెండో వచనం, ఒక్క వాక్యం. యూదులకు అది నచ్చిందని చూసి పేతురును కూడా పట్టుకున్నాడు. పస్కా పండగ అయ్యాక జనం ముందుకు తేవాలని, ఒక్కో జట్టుకు నలుగురు చొప్పున నాలుగు జట్ల సైనికులను, అంటే పదహారుమందిని కాపలా పెట్టాడు. సంఘం ఆయన కోసం అత్యాసక్తితో ప్రార్థించింది. దూత వచ్చాడు, సంకెళ్లు ఊడాయి, ఇనుప తలుపు దానంతటదే తెరుచుకుంది.

తర్వాతి ఘట్టం నాకు మరీ ఇష్టం. పేతురు నేరుగా మార్కు అనే మారుపేరు గల యోహాను తల్లి మరియ ఇంటికి వస్తాడు. లోపల జనం చేరి ఆయన కోసమే ప్రార్థిస్తున్నారు. తలుపు తడితే రొదే అనే పనిపిల్ల వస్తుంది. పేతురు గొంతు గుర్తుపట్టి, ఆ సంతోషంలో తలుపు తీయడం మర్చిపోయి లోపలికి పరుగెత్తుతుంది. "పేతురు వచ్చాడు" అంటే లోపలివాళ్లన్న మాట "నీవు పిచ్చిదానవు". జవాబు గుమ్మంలో నిలబడి తలుపు తడుతుంటే, అడిగినవాళ్లు లోపల కూర్చుని అది ఆయన దూత అయి ఉంటుందని వాదిస్తున్నారు. "మీకు విశ్వాసం చాలకే మీ ప్రార్థనకు జవాబు రాలేదు" అని ఎవరైనా మీతో అంటే వాళ్లను ఒకసారి ఆ ఇంటికి తీసుకెళ్లండి.

మళ్లీ యాకోబు దగ్గరికి వద్దాం. యాకోబు కోసం ఆ సంఘం ప్రార్థించలేదా? ఆ పుస్తకం రాసిన లూకా చెప్పలేదు. ప్రార్థించే ఉంటారని ఊహించడం కష్టమేమీ కాదు. ఆయనా అపొస్తలుడే, యేసు వెంట కొండెక్కిన ముగ్గురిలో ఒకడు. అదే ఊరు, అదే సంఘం, అదే దేవుడు. ఒకడు చనిపోయాడు, ఒకడు బయటికొచ్చాడు. ఎందుకో లూకా రాయలేదు. యాకోబుకు విశ్వాసం తక్కువనో, ఆయన మనుషులు ఉపవాసం సరిగ్గా లేరనో కూడా రాయలేదు. కారణం తెలియని చోట కారణం అల్లకపోవడం ఆయన మర్యాద. మన సంఘాల్లో ఆ మర్యాద తక్కువ. చావింటికి వెళ్లి "ఏదో దాచిన పాపం ఉండే ఉంటుంది" అని గుసగుసలాడేవాళ్లను నా కళ్లతో చూశాను.

పౌలు తన కోసం చేయమన్న ప్రార్థన ఇంకా చిత్రంగా తేలింది. రోమా సంఘానికి రాస్తూ, తన కోసం చేసే ప్రార్థనలో తనతో కలిసి పోరాడమని బతిమాలతాడు (15:30-32). మూడు కోరికలు: యూదయలోని అవిశ్వాసుల చేతుల్లోంచి తప్పించుకోవాలి, యెరూషలేము పరిశుద్ధుల కోసం తాను తీసుకెళ్తున్న సహాయం వాళ్లకు నచ్చాలి, సంతోషంగా రోమాకు రావాలి. ఏం జరిగింది? యెరూషలేములో గుంపు మీద పడి కొట్టింది. రోమా సైనికులు లాక్కుపోబట్టి ప్రాణం దక్కింది. కైసరయలో రెండేళ్లు చెర. ఓడ బద్దలై మెలితే ద్వీపంలో ఒడ్డెక్కడం. చివరికి రోమాకు వచ్చాడు, కాపలా సైనికుడితో సహా. ఆ మనవి నా నోట్‌బుక్‌లో ఉంటే కుడివైపు గడిలో ఏం రాయాలి? టిక్కు పెట్టాలా, ఇంటూ పెట్టాలా? అదే పౌలు, తాను ముల్లు అని పిలిచిన ఒంట్లోని బాధను తీసేయమని మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అన్న మాటే వచ్చింది. ముల్లు అలాగే ఉండిపోయింది.

ఎదురుచూపు గురించి మన తెలుగు నేలమీదే ఒక ఉదాహరణ ఉంది. 1854 జనవరి 1, తెల్లవారుజాము. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు, మొత్తం ఐదుగురు, ఒంగోలులో ఒక కొండెక్కి ఈ ఊరికి ఒక సువార్తికుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ ముగ్గురిలో జూలియా అనే తెలుగు బైబిలు స్త్రీ, అంటే ఆడవాళ్లకు వాక్యం చెప్పే మనిషి, ఒకరు. అప్పటికి నెల్లూరు మిషను పరిస్థితి ఏమీ బాగాలేదు. దాన్ని మూసేద్దామా అని అంతకు ముందు ఏడాదే అమెరికాలో చర్చ నడిచింది. వాళ్లడిగిన సువార్తికుడు, జాన్ క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లూ ఆ ఐదుగురి పుస్తకంలో కుడివైపు గడి ఖాళీయే. ఆ కొండను ఇప్పటికీ ప్రేయర్ మీటింగ్ హిల్ అనే అంటారు.

కొలిచి చూసినవాళ్లు

ప్రార్థన పనిచేస్తుందో లేదో లెక్కలు వేసి చూసినవాళ్లు కూడా ఉన్నారు. 1872లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త ఒక చురక లాంటి వాదం తెచ్చాడు. దేశమంతా చర్చిల్లో రాజకుటుంబం ఆయుష్షు కోసం ప్రార్థిస్తుంది కదా, మరి కలిగినవాళ్ల కుటుంబాల్లో అందరికంటే తక్కువ బతికేది రాజులేనేం? దానికి నవ్వుకోవచ్చు. ఆ ప్రార్థనలు ఎంతమంది మనసుపెట్టి చేశారో ఎవరు చెప్పగలరు?

దానికంటే గట్టిది 2006లో వచ్చింది. హార్వర్డ్‌కు చెందిన హెర్బర్ట్ బెన్సన్ బృందం అమెరికాలోని ఆరు ఆస్పత్రుల్లో 1,802 మంది బైపాస్ ఆపరేషన్ రోగులను మూడు జట్లుగా చేసింది. ఒక జట్టు కోసం ప్రార్థన జరిగింది, ఇంకో జట్టు కోసం జరగలేదు. తమ కోసం జరుగుతోందో లేదో ఈ రెండు జట్లలో ఎవరికీ తెలియదు. మూడో జట్టు కోసం జరిగింది, ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పారు. ప్రార్థించే బృందాలకు రోగి మొదటి పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం మాత్రమే ఇచ్చారు. ఆపరేషన్ సవ్యంగా జరగాలని, త్వరగా కోలుకోవాలని, ఇబ్బందులేవీ రాకూడదని అనాల్సిన మాటలు కూడా ముందే రాసిచ్చారు. నెలరోజుల్లో ఏదో ఒక ఇబ్బంది వచ్చినవాళ్లు మొదటి జట్టులో నూటికి 52, రెండో జట్టులో 51. తమ కోసం ప్రార్థన జరుగుతోందని తెలిసిన మూడో జట్టులో 59.

ఆ 59 చూసి నాస్తిక మిత్రులు చప్పట్లు కొడతారు, మనవాళ్లు చూపు తిప్పుకుంటారు. రెండూ అనవసరం. "నా కోసం ఇంతమంది ప్రార్థిస్తున్నారంటే నా పరిస్థితి అంత సీరియస్సా?" అనే టెన్షన్ కూడా కారణం కావచ్చని పరిశోధకులే అన్నారు. రెండో జట్టువాళ్ల ఇంట్లోవాళ్లు చేసుకునే ప్రార్థనను ఎవరూ ఆపలేదు, ఆపలేరు కూడా. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ప్రార్థన మందుబిళ్లలా పనిచేస్తుందని, ఇంత మోతాదుకు ఇంత గుణమని చెప్పేవాళ్లకు ఈ అధ్యయనం గట్టి దెబ్బే. నాకు అందులో అన్నిటికంటే వింతగా తోచింది ఆ పేరు సంగతి. మొహం చూడలేదు, ఊరు తెలియదు, ఫలానా "జాన్ ఎస్" అని చీటీ. ఒకనికొరకు ఒకడు అన్నప్పుడు పత్రిక రాసిన యాకోబు మనసులో ఉన్నది ఒకరి గుమ్మం ఒకరికి తెలిసిన మనుషులు.

ఏమి అడగాలి?

పౌలు ప్రార్థనలనూ నా నోట్‌బుక్‌నూ పక్కపక్కన పెట్టి చూశాను ఒకరోజు. కాస్త ఇబ్బందిగా అనిపించింది. ఫిలిప్పీ వాళ్ల కోసం ఆయన అడిగింది వాళ్ల ప్రేమ తెలివితో పెరగాలని. ఎఫెసు వాళ్ల కోసం, వాళ్ల మనోనేత్రాలు వెలిగించబడాలని. కొలొస్సయి వాళ్ల కోసం, ఓర్పు, దీర్ఘశాంతం కావాలని. ఆ సంఘాల్లో రోగులు లేరా, బానిసలు లేరా, అప్పులున్నవాళ్లు లేరా? ఉన్నారు. అయినా ఉత్తరాల్లో ఆయన ప్రార్థన మాత్రం వాళ్ల పరిస్థితులు మారాలన్న దానికంటే ఆ పరిస్థితుల్లో వాళ్లు ఎలా ఉండాలన్న దాని మీదే నిలుస్తుంది.

అలాగని శరీర అవసరాలు అడగకూడదని కాదు. మూడో యోహాను మొదట్లోనే గాయు సౌఖ్యంగా ఉండాలన్న ప్రార్థన ఉంది. నేను చేసిన మార్పు చిన్నది. ఇప్పుడు ఎవరైనా "మా అబ్బాయి వీసా కోసం" అంటే అది రాసుకుని, ఇంకొక ప్రశ్న అడుగుతాను: "వచ్చేదాకా మీరెలా ఉన్నారు?" ఒక తల్లి ఆ ప్రశ్నకు ఏడ్చేసింది. వీసా సంగతి ఆర్నెల్ల నుంచి అందరూ అడుగుతున్నారట. ఆవిడ నిద్రపోతోందా లేదా అని ఎవరూ అడగలేదట. ఆ రోజు నోట్‌బుక్‌లో ఒకటికి రెండు లైన్లు పడ్డాయి. (వీసా వచ్చింది. అబ్బాయి ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. ఇక్కడ మా ఉదయం ఆరున్నర ప్రార్థనకు, వేసవిలో అక్కడ రాత్రి ఎనిమిదికి, జూమ్‌లో కలుస్తాడు. కెమెరా ఎప్పుడూ ఆఫ్.)

మనవి ముసుగులో కబుర్లు

వాట్సాప్ వచ్చాక నోట్‌బుక్ పని తగ్గింది, ప్రమాదం పెరిగింది. కూడికలో చెప్పిన మాట ఆ గదిలో ఉండేది. గ్రూపులో పెట్టిన మాట స్క్రీన్‌షాట్ అయి ఊరు దాటుతుంది. మా గ్రూపులోనే ఒకసారి ఒకావిడ మంచి ఉద్దేశంతోనే ఒక పిల్ల కాపురంలో వచ్చిన గొడవను పేరుతో సహా "అర్జెంట్ ప్రేయర్ రిక్వెస్ట్" అని పెట్టింది. నలభై ఏడు ఆమెన్‌లు వచ్చాయి. సాయంత్రానికల్లా ఆ పిల్ల అత్తవారి ఫోన్లోకి కూడా చేరింది. సర్దుకోబోయిన గొడవ మళ్లీ రాజుకుంది. దాన్ని డిలీట్ చేయమని అడిగింది నేనే, కానీ అప్పటికి మూడు గంటలు ఆలస్యం.

అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. సొంత సంగతి ఎవరికి వారే చెప్పుకోవాలి. ఇంకొకరి సంగతైతే వాళ్లనడిగి చెప్పాలి. అడగడం కుదరకపోతే "ఒక కుటుంబం కోసం" అంటే చాలు. పేరు చెప్పకపోతే దేవుడు తికమకపడతాడని ఎవరికీ భయం లేదు కదా. పేరు కావాల్సింది మన కుతూహలానికి.

ప్రార్థించిన చేతులు

"సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అని చెప్పి బట్టా కూడూ ఇవ్వకపోతే ఏం ప్రయోజనమని యాకోబు పత్రిక రెండో అధ్యాయం నిలదీస్తుంది. ప్రార్థన చేయమన్న పుస్తకమే ఈ మాట కూడా అంటుంది. మార్కు రెండో అధ్యాయంలో పక్షవాత రోగిని మోసుకొచ్చిన నలుగురు ఒక్క మాట మాట్లాడినట్టు లేదు. ఇంటి కప్పు విప్పి మంచం దించారు. యేసు "వారి విశ్వాసము చూచి" అంటాడు మార్కు. ఆయన చూసింది మట్టి రాలుతున్న కప్పును, చెమట కారుతున్న నలుగురిని.

ఒంగోలు కథ తర్వాతి భాగం కూడా ఇదే. 1876-78 కరువులో క్లౌ ప్రార్థనలతో ఆగలేదు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు పట్టి, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కరువు పనుల రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లను ఆపాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. పని అయ్యాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మాలు జరిగాయి. గుంటూరులో అన్నా కుగ్లర్ కథా ఇలాంటిదే. 1883లో వచ్చిన ఆ లూథరన్ డాక్టరు, ఆడవాళ్ల రోగాలకు ప్రార్థన చేసి పంపేయలేదు. 1898 నాటికి ఆస్పత్రి తెరిచింది. అది ఇప్పటికీ ఆమె పేరుతోనే ఉంది.

అందుకే "మాత్రలు ఆపేయండి, ప్రార్థన నూనె రాసుకోండి" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నూనె రాయమని యాకోబు చెప్పాడు, నిజమే. మందులు మానమని ఎక్కడా చెప్పలేదు. టీబీ మందులు మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది, షుగర్ మాత్రలు ఆపితే ఏమవుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆ నూనె సీసాకు రేటు కూడా కట్టారంటే ఇక మాట్లాడేదేముంది. రోగం నయమైందని సాక్ష్యం చెప్పాలంటే ముందు డాక్టరు రిపోర్టు చూపించమనే పాస్టరుగారు ఒకాయన నాకు తెలుసు. ఆయన సభలకు జనం తక్కువే వస్తారు.

నా సంగతికొస్తే, ఆ రాళ్ల ఆపరేషన్ మాట మనసులో ముల్లులా గుచ్చుతూనే ఉంది. మూడు నెలలయ్యాక ఒక శుక్రవారం కూడిక ముగిసి చాపలు చుడుతుంటే ఆ చెల్లెమ్మ కనబడింది. ఇక ఆగలేక చెప్పేశాను. "అమ్మా, ఆ రోజు చేస్తానన్నాను గానీ, నిజానికి మర్చిపోయాను. మీ ఆయన వచ్చి థాంక్స్ చెప్పినప్పుడు కూడా నోరు మెదపలేదు."

ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసింది. తర్వాత నవ్వింది.

"మాకు తెలుసులే అన్నా. పుస్తకంలో రాసుకోకుండా 'తప్పకుండా' అన్నారుగా, అప్పుడే అనుకున్నా. మీరు మర్చిపోతే దేవుడు ఇంకెవరికో గుర్తుచేసి ఉంటాడు." చాప చివర అందుకుని మడతపెడుతూ, "సరేగానీ, మా అమ్మాయికి బుధవారం నుంచి పరీక్షలు. బాగా భయపడుతోంది. మార్కుల సంగతి తర్వాత, ముందు దానికి నిద్రపట్టాలని చెయ్యండి. ఈసారి మాత్రం రాసుకోండి" అంది.

చాప కింద పెట్టి పెన్ను తీశాను.